ఎవ్వరూ చూడొద్దు

నర్సింహులపేట దగ్గరి మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆమె, ఊరి వాట్సాప్ గ్రూపు నడిపే పెద్దమనిషిని చూడగానే లేచి నిలబడింది.

"అన్నా, మిర్చి మంటకు నేను మోటరు కాడ నీళ్లు పోసుకుంటుంటే ఎవడో దొంగతనంగ వీడియో తీసిండు. గది నువ్వెందుకు గ్రూపుల పెట్టినవ్?"

"నీ మంచికే చెల్లె. ఎవ్వలు చూడొద్దు, తీసేయుండ్రి అని కింద రాసిన గద!"

"వీడియో పెట్టి, చూడొద్దని రాసినవా?"

"ఏ వీడియోనో తెలువాలె గద మరి."



"నీ ఫోన్లకెల్లి తీసేసినవా?"

"లే. సాక్ష్యం ఉండాలెనని దాసిన."

"పోలీసోళ్లకు చూపెట్టినవా?"

"వాళ్లకు లే... మా బామ్మర్దులు అడిగితే చూపెట్టిన."

ఆమె కాండ్రించి ఉమ్మింది.

"ఇగ ఆ నోటితోని నన్ను చెల్లె అనకు."