ఇరవై ఆరు చింతగింజలు

నలుగురు. ఉరుకుందప్ప సారు ఉప్పలదొడ్డి బడికి వచ్చిన దినం ఆయన దగ్గరున్న లెక్క అంతే అనుకో. ఒక గది, ఒక గంట, నలుగురు పిల్లోళ్లు. మా ఊరి సంగతి మీకు తెలీదు గదా అక్కా, మీరు ఈ చేనికి ఆలూరు పక్క నించి వచ్చినోళ్లు. చలి మొదలైతే మా ఊరంతా ఇట్లనే మిరపకోతకి లారీ ఎక్కతాది, పిల్లోళ్లూ ఎక్కతారు, బడి ఖాళీ. సారు ఏం చేసినాడంటే, ముసిలోళ్లని కూడగట్టినాడంట. "అవ్వా, మీరు ఇంత ముద్ద పెట్టండి, పొద్దున్నించి పొద్దుగూకే దాకా పిల్లోళ్లు నా పూచీ" అని. బడి వాకిట్లో ఒక పిడత పెట్టినాడు. వచ్చే ప్రతి పిల్లోడు ఒక చింతగింజ దాంట్లో వేసి లోపలికి పోవాల. గంట కొట్టినాక గింజలు లెక్కపెడతాడు, ఒకటి తగ్గిందా, ఆ ఇంటికి పరిగెత్తతాడు. జరమొచ్చినా పరిగెత్తతాడు. మూడేండ్లలో నలుగురు ఇరవై ఆరు మంది అయినారు. ఆరున్నర రెట్లు! నేను పదితోనే ఆపేసినోణ్ని గానీ ఈ లెక్కలు నాకు బాగా వస్తాయిలే, నవ్వద్దండి.

అప్పుడు ఏమైందంటే, పైనోళ్లకి ఈ సంగతి తెలిసి, నిన్ను జపాను దేశం పంపిస్తామప్పా, ఆడ ఒక బడితో మన బడికి జత కట్టినాము, నువ్వు ఇరవై దినాలు ఆడ చూసి రా, తర్వాత ఆడి టీచరమ్మ మన బడి చూడను వస్తాది అన్నారంట. సారు అడిగినాడంట, "మరి నా పిల్లోళ్లని ఎవరు చూస్తారు సార్? నేనొక్కణ్నే గదా" అని. "నీ బదులు ఒకామెను వేసినాము, ఇదిగో కాయితం" అన్నారంట. సారు ఆ కాయితం నమ్మినాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే, ఇంకొకటి ఉంటే చెప్పండి చూస్తా.

ఆ దేశంలో బడి ఎట్లుందంటే, కొండ పక్కన అద్దాల బిల్డింగంట. ఐదుగురు సార్లు, వంటకి ఒకామె. పిల్లోళ్లు ఎంతమంది అనుకుంటాన్నారు? ఇద్దరు! అవునక్కా, ఇద్దరే. ఆ ఇద్దరికీ టయానికి గంట కొడతారంట, టయానికి అన్నం పెడతారంట. వాళ్ల చదువు అయిపోయినాక బడి మూసేస్తారంట. ఆడ సయోకో అని ఒక పెద్ద టీచరమ్మ. సారు జోబీలోంచి మూట తీసి ఆమె బల్ల మీద ఇరవై ఆరు గింజలు వరసగా పెట్టి, ఇది నరసమ్మ, ఇది హుసేని, ఇది పెద్దయ్య అని ఒక్కో గింజకీ పేరు చెప్పినాడంట. ఇద్దరికీ వచ్చీరాని ఇంగ్లీషేనంట, అయినా ఆమె పేర్లన్నీ రాసుకునింది. రాసుకుని ఏమనిందంటే, "మా ఊర్లో పిల్లోళ్లు పుట్టలేదు, అందుకని బడి పోతాంది. మీకు ఇంతమంది ఉన్నారు గదా, మీ బడి ఎందుకు పోతాది?" అనింది. సారు "పోనియ్యను" అన్నాడంట. ఆ ఇద్దరు పిల్లోళ్లు గింజలు వేసుకునేదానికి మన పిల్లోళ్లకని ఇరవై ఆరు గుడ్డసంచులు కుట్టేదానికి కూర్చున్నారంట.

మరి మా ఊర్లో ఏమైంది? బదులు వేసిన ఆమె ఒక్క దినం వచ్చింది. మా ఊరికి బస్సు లేదు, వంకలో నీళ్లు దాటి నాలుగు కిలోమీటర్లు నడవాల. మరుసటి దినం నించి బడికి తాళం. అవ్వలు మూడు దినాలు పిల్లోళ్లని తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టి చూసినారు. నాలుగో దినం లారీ వచ్చింది. ఆ లారీ నాదే. కూలోళ్లని పనికి తోలకపోయే మేస్త్రీని గదా, నేనే నిలబడి లెక్కపెట్టి ఎక్కించినా: పెద్దోళ్లు నలభై, పిల్లోళ్లు ఇరవై ఆరు, మొత్తం అరవై ఆరు. ఎవరూ తగ్గలేదని సంతోషపడినా గూడా. వారం తిరక్కుండా బళ్లో పిల్లోళ్ల లెక్క రాసే ఆయన వచ్చి, తాళం చూసి, సున్నా రాసుకుని పోయినాడు.

సారు తిరిగొచ్చేసరికి ఉప్పలదొడ్డి బడి లేదు, వంక అవతలి బళ్లో కలిపేసినారు. పిడతలో చీమలు. మండలాఫీసుకి పోయి ఏడ్చినాడంట. పెద్దసారు మంచోడే, ఏమన్నాడంటే, "ఆ జపానామె సోమవారం వస్తాది. ఆ దినానికి ఇరవై మంది నీ బళ్లో కూర్చుని కనపడితే బడి మళ్లీ తెరవమని పైకి రాస్తా. పంతొమ్మిదైతే నా చేతిలో లేదప్పా."

పొద్దున బస్టాండులో టీ తాగతా ఇదంతా సారే నాకు చెప్పినాడు. రెండు దినాలుగా మా ఊరోళ్లు కోసే చేలన్నీ తిరగతాన్నాడు. మొదటి చేన్లో ఐదుగురు పిల్లోళ్లు, రెండో దాంట్లో ఆరు మంది, మూడో దాంట్లో ముగ్గురు. ఆయన వెంట వచ్చినోళ్లు ఒక్కరూ లేరు. ఒక పిల్లోడి తల్లి ఈరమ్మ మొగం మీదే అడిగిందంట, "ఇరవై దినాలు నా బిడ్డను ఎవరికి అప్పజెప్పి పోయినావు సారూ?" అని. "కాయితం ఇచ్చినారమ్మా." "ఆ కాయితం వాడికి ముద్ద పెడతాదా? మళ్లీ ఎవరో రమ్మంటారు, మళ్లీ పోతావు." అంతే, మళ్లీ కాయలు కోసుకుంటా పోయిందంట.

ఇప్పుడు చూడండి, పద్నాలుగు మంది పోయినారు. ఇరవై ఆరులో పద్నాలుగు తీసేస్తే పన్నెండు. ఆ పన్నెండు మంది ఉండేది ఈ చేన్లోనే. అందరూ వచ్చినా పన్నెండే, ఇరవై యాడ అవుతాది? లెక్కల సారు గదా, ఆయనకి తెలీదా? "సారూ, కూడినా తీసేసినా కుదరదు, ఇంటికి పో" అని చెప్పినా. "ఆ జపానామె పేర్లు రాసుకునింది అనుమంతూ" అన్నాడు, టీ తాగకుండా గ్లాసు అట్లే పెట్టేసినాడు.

అదుగో, గట్టు మీద పిడత పట్టుకుని నిలబడినాడే, ఆయనే. మొదటి సాల్లో వంగి కోసేది మా అక్క. దాని కూతురే ఇరవై ఆరో గింజ. అక్క ఏమంటాదో నాకు తెలుసు, బిడ్డను పంపనని పొద్దున నాతో అననే అనింది. అయినా చూడండి, చెప్పులు విడిచినాడు, పిడత చంకన పెట్టినాడు, సాల్లో దిగేదానికి కాలు ఎత్తినాడు.