రెండో పొర

నేను ఫిర్యాదుదారుడి భార్యకు సొంత అక్కను. వయసు అరవై ఒకటి. ఒక బట్టల షాపులో ప్యాకింగ్ కౌంటరు దగ్గర పని చేస్తున్నాను. అంతకుముందు తొమ్మిదేళ్లు గ్రామఫోను రికార్డుల ఫ్యాక్టరీలో, అట్టలకు సీలు వేసే సెక్షన్లో పని చేశాను. అక్కడ అందరూ నన్ను సీలక్క అనేవారు. ఫ్యాక్టరీ మూతపడింది గానీ ఆ పేరు నాకు అతుక్కుపోయింది. చదవడం, రాయడం, సంతకం చేయడం వచ్చు. ఈ పోలీస్ స్టేషన్లో నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. రెండుసార్లు టీ ఇచ్చారు, రెండోసారి ఇచ్చింది బాగుంది.

ఈ నెల తొమ్మిదో తేదీ ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా మరిది ఇంటికి వెళ్లాను. మరిది అంటే ఫిర్యాదుదారుడే, మా చెల్లెలి భర్త. నేను తలుపు పగలగొట్టలేదు. బెల్లు కొట్టాను, చెల్లెలి కూతురు వచ్చి తీసింది. ఇక్కడ హెడ్డుగారు 'అక్రమంగా ప్రవేశించి' అని రాయబోతే ఆపాను. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంటికి వెళ్తున్నాను, ఇంతవరకూ సక్రమంగా నన్ను ఎవరూ పిలిచింది లేదు.

మా మరిదికి పాత రికార్డులు అమ్మే షాపు ఉంది. అమ్మేవి షాపులో ఉంటాయి, అమ్మనివి ఇంట్లో ఉంటాయి. ఇంట్లో ముందు గది నిండా రికార్డులే. కుడివైపు అల్మారాలో విన్నవి, ఎడమవైపు అద్దాల అల్మారాలో సీలు విప్పనివి. నచ్చిన రికార్డు ఏదైనా రెండు కొంటాడు, ఒకటి వినడానికి, ఇంకొకటి వినకుండా ఉండడానికి. ఇదేం పిచ్చయ్యా అని మొహం మీదే చాలాసార్లు అడిగాను. నవ్వి ఊరుకునేవాడు. ఆ గదిలోకి చెప్పులతో ఎవరినీ రానివ్వడు. తడి చేతులతో అసలే రానివ్వడు. మంచి మనిషి. ఇది కూడా రాయండి.

మా చెల్లెలు పాడేది. ముప్ఫై మూడేళ్ల కిందట మా ఫ్యాక్టరీలోనే ఆమె రికార్డు ఒకటి వచ్చింది. మొత్తం ఎనిమిది పాటలు, ఈ వైపు నాలుగు, ఆ వైపు నాలుగు. అది వచ్చిన నాలుగో నెలలో కంపెనీ మూసేశారు. అమ్ముడుపోనివన్నీ అట్టపెట్టెల్లో వెనక్కి వచ్చాయి. వాటిని మరలో వేసి పొడి చేసి, ఆ పొడి ఇంకో కంపెనీకి పంపించేశారు. పాటలున్న అసలు టేపు మీద వేరే ఏదో ఎక్కించేశారు. అమ్ముడుపోయిన కాసిని కాపీల కోసం మా మరిది ఇరవై ఏళ్లు తిరిగాడు. కనబడిన పాత సామాన్ల కొట్టునల్లా గాలించాడు. ఒక్కటీ దొరకలేదు.

మా దగ్గర రెండు మిగిలాయి. ఒకటి విప్పింది, అది ఇంట్లో వినేవాళ్లం. రెండోది సీలు వేసింది, నా ట్రంకు పెట్టెలో ఉండేది. చెల్లెలికి పెళ్లయి, కూతురు పుట్టి, ఆ పిల్లకు పదకొండో నెల నడుస్తుండగా గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఆ తర్వాత మాట్లాడితే గాలి వచ్చేది, స్వరం వచ్చేది కాదు. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి విప్పిన రికార్డును మోకాలి మీద పెట్టుకుని విరిచింది. అవి అంత తేలిగ్గా విరగవు. మూడోసారికి విరిగింది. నేను పక్కనే ఉన్నాను, ఆపలేదు. ఆ సాయంత్రమే నా పెట్టెలో ఉన్న రెండోదాన్ని తెచ్చి మా మరిది చేతిలో పెట్టాను. అతను దాన్ని అద్దాల అల్మారాలో పై అరలో పెట్టాడు. మా చెల్లెలు బతికి ఉన్నంతకాలం దాని మాట ఎవరమూ ఎత్తలేదు.

ఆ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటాం. ఇప్పుడు ముప్ఫై ఒకటి నిండాయి, ఉద్యోగం చేస్తోంది, అయినా పిచ్చుకే. మా చెల్లెలు కూతుర్ని నోటితో పిలవలేకపోయేది కదా, రెండు చప్పట్లు కొట్టేది. ఎక్కడున్నా పిచ్చుక పరిగెత్తుకుంటూ వచ్చేది. అన్నానికి రెండు చప్పట్లు, జడ వేయడానికి రెండు చప్పట్లు, కోపం వచ్చినా రెండే. ఊహ తెలిశాక ఆ పిల్ల తల్లి గొంతు ఎన్నడూ వినలేదు. ఎనిమిది నెలల కిందట మా చెల్లెలు పోయింది.

గత నెల ఇరవై ఆరో తేదీ ఆదివారం, నేను అక్కడే ఉండగా పిచ్చుక తండ్రిని అడిగింది.

"ఒక్కసారి విప్పుదాం నాన్నా. ప్లేయర్ మీద పెట్టగానే ఫోన్లోకి ఎక్కించేస్తా. మళ్లీ ఎప్పటిలాగే అట్టలో పెట్టేద్దాం."

"ఒక్కసారి విప్పితే ఇక విప్పినట్టే తల్లీ. ఇప్పటిదాకా దానిమీద సూది ఆనలేదు. మీ అమ్మ గొంతు అందులో ఎలా ఉన్నది అలాగే ఉంది."

"ఉంది సరేనయ్యా, ఎవరికోసం ఉంది?" అని నేనే మధ్యలో దూరాను.

"మీకెలా చెప్పాలో తెలీడం లేదు వదినా. అది విప్పనంతకాలం తను ఇంకా పాడబోతున్నట్టు ఉంటుంది నాకు. వినేశామనుకోండి, పాడేసినట్టే కదా. ఇంక ఏం మిగిలింది?"

ఏ మాటకా మాటే చెప్పాలి, దానికి జవాబు పిచ్చుక దగ్గర ఉంది.

"నువ్వు విన్నావు నాన్నా. పెద్దమ్మ విన్నది. నేనొక్కదాన్నే వినలేదు" అంది.

అతను లేచి షాపుకు వెళ్లిపోయాడు. బయట వర్షం పడుతోంది, గొడుగు తలుపు పక్కనే ఉంది, తీసుకోలేదు. నాకు ఇద్దరి మీదా జాలేసింది. అయినా ఆ రోజే మనసులో నిర్ణయం చేసేసుకున్నాను.

తొమ్మిదో తేదీకి వస్తాను. ఆదివారం పూట అతను పది నుంచి ఒంటిగంట దాకా షాపులో ఉంటాడు. నేను వెళ్లాక పిచ్చుకను గోడ పక్కనున్న కుర్చీలో కూర్చోమన్నాను, చేతులు ఒళ్లో పెట్టుకోమన్నాను. అల్మారా తలుపు తీసింది నేను. రికార్డు దించింది నేను. బ్లేడు నా హ్యాండుబ్యాగులోది. ఆ పిల్ల దేన్నీ ముట్టుకోలేదు. దయచేసి ఈ ముక్క కింద గీత గీయండి.

సీలు మీద చేయి వేయగానే అది నా పనే అని తెలిసింది. ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ పొర వేసి, అట్టను వేడిగాలి పెట్టెలోంచి పోనిస్తే పొర ముడుచుకుని అతుక్కుంటుంది. ఇంకా వేడిగా ఉండగానే కుడి మూల మడిచి బొటనవేలితో నొక్కాలి. చల్లారాక ఆ వేలి గీతలు పొర మీద నిలిచిపోతాయి. ఎవరి ప్యాకింగ్ ఏదో మా సూపర్‌వైజరు ఆ మూల చూసే చెప్పేవాడు. నా వేలి మీద చిన్నప్పటి కోత ఒకటి అడ్డంగా ఉంది. అది ఆ మూలన స్పష్టంగా కనబడింది.

పది గంటల నలభై నిమిషాలకు బ్లేడు పెట్టాను. అట్ట నోరున్న వైపు మాత్రమే కోశాను, మిగతా మూడు వైపులా ముట్టుకోలేదు. బ్లేడు ఒక పొర దాటింది, కింద ఇంకో పొర తగిలింది. చేయి ఆగిపోయింది. ఏమైంది పెద్దమ్మా అని పిచ్చుక అడిగింది. ఏం లేదు అన్నాను. రెండో పొర కూడా కోశాను.

రికార్డు బయటికి తీస్తే కంచంలా వంగి ఉంది. అంచు చుట్టూ పైకి లేచిపోయింది. అయినా ప్లేయర్ మీద పెట్టాను. సూది అంచు మీద నిలబడలేదు, ఎగిరి ఎగిరి పడింది. బరువు కోసం దాని తల మీద ఒక నాణెం పెట్టాను. అయినా ఎగిరింది. మొదటి వైపు మొత్తం అంతే. రెండో వైపు కూడా మూడు పాటల దాకా అంతే, టకటకమని చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరి పాటలో, సూది మధ్యకు దగ్గరపడ్డాక, నిలిచింది. మా చెల్లెలు పాడింది. ఒక నిమిషం పది సెకన్లు. పిచ్చుక ఫోన్లో ఎక్కించింది కాబట్టి లెక్క కరెక్టుగా తెలుసు.

మా చెల్లెలి గొంతు నిలకడ గల గొంతు. ఎత్తుకున్న చోట నుంచి ఇసుమంత కూడా జరిగేది కాదు, ఊపిరి ఎక్కడ తీసుకుందో పక్కన కూర్చున్నా తెలిసేది కాదు. ఆ రోజు వచ్చిన గొంతు ఊగింది. పైకి లేచి కిందికి జారి, మళ్లీ లేచి జారి, జ్వరంతో లేచిన మనిషి పాడినట్టు ఉంది. అది రికార్డు వంకర, గొంతు వంకర కాదు. నాకు తెలుసు. పిచ్చుకకు తెలియదు.

"అమ్మ గొంతు ఇలా వణికేదా పెద్దమ్మా?" అని అడిగింది.

"అవునే" అన్నాను.

"భయపడినట్టుంది పాపం."

"మొదటి రికార్డు కదే, భయపడింది."

మా చెల్లెలు దేనికీ భయపడలేదు. ఆపరేషన్ గదిలోకి వెళ్తూ కూడా నన్నే ఏడవొద్దని వెక్కిరించింది. అయినా నేను భయపడింది అని చెప్పాను. వంగిపోయిందే, ఇది అమ్మ గొంతు కాదు, అసలు గొంతు ఇక ఎప్పటికీ వినలేవు అని ఆ పిల్ల మొహం చూస్తూ నేను చెప్పలేకపోయాను.

పాట అయిపోయింది. సూది చివరి గీతలో పడి, వంకర దగ్గర గెంతుతూ టప్ టప్ అంది. ఆగి మళ్లీ టప్ టప్ అంది, ప్రతిసారీ రెండే. పిచ్చుక కుర్చీలోంచి లేచి నిలబడింది. తను లేచినట్టు తనకే తెలియదు. నేను ప్లేయర్ ఆపేశాను.

అప్పుడు టైము పదకొండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. షాపులో ఎవరికో సూది కావలసివచ్చి మా మరిది ఇంటికి వచ్చాడు. ఎప్పటి నుంచి గుమ్మంలో ఉన్నాడో చూడలేదు. చెప్పులతోనే గదిలోకి వచ్చాడు.

"అది తన గొంతు కాదు" అన్నాడు.

"పెద్దమ్మ అవునంది" అంది పిచ్చుక.

అతను నా వైపు చూశాడు. నేను కళ్లతోనే వద్దని బతిమాలాను. అర్థం చేసుకున్నాడు. కూతురి ముందు ఆ మాట మళ్లీ అనలేదు. దాన్ని మంచినీళ్లు తెమ్మని లోపలికి పంపి, రికార్డును రెండు అరచేతుల మధ్య పెట్టి చదును చేయబోయాడు. వదలగానే అది మళ్లీ వంగింది.

"ఏం చేశారు వదినా? ముప్ఫై మూడేళ్లు నిక్షేపంలా ఉన్నదాన్ని ఒక్క పూటలో వంచేశారు" అన్నాడు. ఏడ్చాడు. మా చెల్లెలు పోయిన రోజు కూడా అతను అలా ఏడవలేదు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. మర్నాడు ఫిర్యాదు ఇచ్చాడు.

ఫిర్యాదులో నష్టం జరిగిన తేదీ ఈ నెల తొమ్మిది అని రాసుంది. అది తప్పు. సరిదిద్దండి. నష్టం చేసింది నేనే, కానీ ఆ రోజు కాదు. ముప్ఫై మూడేళ్ల కిందట, ఆగస్టు పన్నెండో తేదీ గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలకు, ఫ్యాక్టరీలో అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు చేశాను. మా చెల్లెలి రికార్డు ఆ రోజే మా సెక్షనుకు వచ్చింది. ఒకదాన్ని ఇంటికోసం పక్కన పెట్టి, ఒక పొర వేశాక దాని మీద ఇంకో పొర వేశాను. మళ్లీ వేడిగాలి పెట్టెలోంచి పోనిచ్చాను. సూపర్‌వైజరు చేతులు కడుక్కుని వస్తూ చూశాడు.

"రెండో పొర ఎందుకమ్మా? ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుంటుంది. దానికి ఊపిరాడనివ్వు" అన్నాడు.

"మా చెల్లెలిదండీ. దుమ్ము కూడా దూరకూడదు" అన్నాను.

గర్వంగా అన్నాను. ఆ పొర ఒక్క రోజు కూడా ఊరుకోలేదు. ప్రతి ఎండాకాలం కాస్త కాస్త బిగుస్తూ వచ్చింది. అద్దాల వెనక మా మరిది దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నప్పుడే అది లోపల వంగుతోంది. కొన్నేళ్ల ముందు విప్పి ఉంటే బాగానే ఉండేదేమో. నేను అడిగి ఉండాల్సింది. చెల్లెలికి బాధ, మరిదికి బాధ అని నోరు మూసుకున్నాను. మూయడం తప్ప నాకు ఇంకేం వచ్చు. నా చెల్లెలి గొంతును నా చేతులతో నేనే పాడుచేశాను.

మా మరిది విప్పొద్దన్నది తప్పని నేను ఇప్పుడు అనను. విప్పకుండా ఉంటే అతనికి ఆమె గొంతు చివరిదాకా నిక్షేపంగా ఉండేది. కానీ పిచ్చుకకు ఆ నిమిషం పది సెకన్లు కూడా ఉండేవి కావు. రోజూ ఆఫీసుకు వెళ్తూ బస్సులో అదే వింటోంది. నిన్న నాకు ఫోన్ చేసి, "అమ్మ కూడా నాలాగే భయస్తురాలు పెద్దమ్మా, నాకు తెలీనే తెలీదు" అని నవ్వింది. ఎంత సంతోషంగా చెప్పిందో. నాకు ఏడుపు ఆగలేదు.

అందుకని ఒక్కటే మనవి. ఈ కాగితం మా మరిదికి చదివి వినిపించండి. అతని కూతురికి చూపించకండి. శిక్ష ఏదైనా వేయండి, కాదనను. విప్పినందుకు మాత్రం వద్దు.

పైన చెప్పినదంతా నాకు తెలిసినంతలో నిజం. పిచ్చుకతో చెప్పింది అబద్ధం, అది అబద్ధమనే ఇక్కడ చెప్పాను. రాసినదాన్ని హెడ్డుగారు చదివి వినిపించారు, రెండు చోట్ల ఆపి కళ్లజోడు తుడుచుకున్నారు. నాకు సంతకం వచ్చు, అయినా వేలిముద్రే వేస్తాను. మీరు స్వాధీనం చేసుకున్న కవరులో ఆ ప్లాస్టిక్ పొరలు రెండూ ఉన్నాయి. పైది, అంటే రెండోది తీసి, కుడి మూలను ఈ కాగితం పక్కన పెట్టి చూడండి.

కుడి చేతి బొటనవేలి ముద్ర. అడ్డంగా కోత గుర్తు ఉన్నది.