గడ్డం మాట ఎవరిది?

క్రాకోవ్, 1974. స్లావ్ భాషల్లో మాటల పుట్టుక చెప్పే నిఘంటువు కార్యాలయం. సంపాదకుడు ప్రొఫెసర్ మౌరిట్సీ, ఆయన సహాయకురాలు దోబ్రావా.

“...కొట్టెయ్యమ్మా, ఆ వాక్యం కొట్టెయ్.”

“ఏ వాక్యం, ప్రొఫెసర్ గారూ?”

“తెలీనట్టు అడక్కు. ‘గడ్డాన్ని బోర్దా అనడం మన పూర్వులు జర్మన్ల దగ్గర అరువు తెచ్చుకుని ఉండవచ్చు.’ ఆహా. అప్పటిదాకా మనవాళ్లకి గడ్డాలే లేవు కాబోలు. నున్నటి చెంపలతో అడవుల్లో తిరుగుతుంటే, పాపం, జర్మన్లు జాలిపడి తలా కాస్త పంచారు.”

“గడ్డం ఉంది సార్. మాట సంగతి కదా...”

“రేపు ముక్కు కూడా వాళ్లదే అంటావు.”

“అనను. మన సొంతమే కావచ్చు, లాటిన్‌లో, లిథువేనియన్‌లో దానికి చుట్టాలున్నాయి అని ముందే రాశాను. రెండూ రాసి, తేలలేదు అన్నాను.”

“తేలలేదట. ఇంత చదువూ చదివింది తేలలేదు అనడానికా? ట్రామ్ కండక్టర్ని అడిగినా ఆ మాట చెప్తాడు.”

“అయితే మీ వాదన రాసివ్వండి, కొట్టేస్తాను. ఎదురు వాదన రాయకుండా ఒకరి వాక్యం ఇంకొకరు కొట్టకూడదు. ఆ నియమం పెట్టింది మీరే.”

“నా నియమం నాకే ఒప్పజెప్తున్నావా?”

“మరి వాదనేది?”

“టీ చల్లారిపోతోంది. తాగు.”

“మధ్యాహ్నానికి ప్రెస్సుకి పంపాలి సార్. పొద్దుట్నుంచీ వెటకారమే తప్ప వాదన లేదు. పోయిన వారం రొట్టె మాట జర్మన్లదేనని మీరే రాశారు. నవ్వుతూ రాశారు.”

“రొట్టె వేరు.”

“ఎలా వేరు?”

“వేరంటే వేరు.”

“అదొక వాదనా?”

“ముప్పై తొమ్మిదిలో, ఈ పక్క వీధిలోనే, యూదుడని మా నాన్నని గోడకి నిలబెట్టి గడ్డం కోశారు, జర్మన్ సైనికులు. కత్తితో. గడ్డంతోపాటు చర్మం కూడా వచ్చింది. చుట్టూ చేరిన జనం నవ్వారు. నన్ను చూడమన్నారు, చూశాను. ఇప్పుడు ఆ గడ్డానికి పేరు పెట్టింది కూడా వాళ్లేనేమో అని, కింద నా పేరేసి అచ్చు వేస్తావా?”

“ప్రొఫెసర్ గారూ... నాకు తెలీదు. కొట్టేస్తాను. ఇదిగో, ఇప్పుడే...”

“ఆగు. ఇదీ వాదన కాదు. వాక్యం ఉండనీ, నా పేరు కొట్టెయ్.”