రాగిరేకు మీద మనామా

ఎనభై నాలుగులో ఓ పొద్దున, బహ్రెయిన్‌లోని మనామా అచ్చాఫీసులో, మంగరాజు రాగిరేకు మీద చెక్కిన ఊరి బొమ్మని అచ్చుమిషను నడిపే ఎలియేజరు వంగి చూశాడు.

"సముద్రం కుడిపక్క చెక్కావేంట్రా?"

"అటే కదన్నా ఉంది! చూసింది చూసినట్టే చెక్కాను."

"అలా చెక్కితే కాగితం మీద ఎడంపక్క పడుద్ది. అచ్చుకి తిరగేసి చెక్కాలని తెలీదూ?"

"తణుకులో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కినోణ్ణి. గిన్నెల్ని ఎవరు అచ్చేస్తారన్నా?"

"మరి మన అరబ్బు యజమాని కఫీల్‌తో ఈ పని వచ్చన్నావా?"

"రాదంటే వీసా ఇస్తాడా?"

"రేకు చూశాడా?"

"ఇందాకే."

"తిట్టాడా?"

"లేదన్నా, నుదుటి మీద ముద్దెట్టుకున్నాడు. మధ్యాహ్నం పెద్దోళ్లందర్నీ తీసుకొస్తాడంట. మొదటి అచ్చు వాళ్ల ముందే తీయాలంట... నీ చేత్తో."