మద్రాసు పట్టిన టీవీ

బుల్లియ్య చెప్పే మాటల్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేస్తే నిజం దొరుకుతుందని రేవులో అందరికీ తెలుసు. అయినా ఆయన నోరు తెరిస్తే అవతలి ఒడ్డుకెళ్లే పంటు వదులుకునైనా వింటారు. ఆ పొద్దున మాత్రం ఆయన ఊరికే కబుర్లకి రాలేదు. ఓ పాత టీవీని రిక్షాలో వేసుకుని, పైన లుంగీ కప్పి తెచ్చి, దీనమ్మ టీకొట్టు ముందు దించాడు. ముందు చెక్క షట్టర్లు మూసుకునే పాతకాలం టీవీ. దాన్ని పాత సామాన్ల ఆటోకి ఇచ్చేస్తానని కోడలు వీరదుర్గ పట్టుపట్టి కూర్చుంది. ఆటో వచ్చేలోపు ఎక్కడైనా దాచకపోతే అది ఇంక కంటికి కనబడదు. దీనమ్మ కొట్టులో ఓ మూల చోటిస్తే చాలు.

"గ్లాసులు పెట్టుకోడానికే చోటు లేదు. పనిచెయ్యని డబ్బాని నేనేం చేసుకోనండి?" అంది దీనమ్మ పాలు కలియబెడుతూ.

బుల్లియ్యకి ఒళ్లు మండింది.

"పనిచెయ్యనిదా? దీనమ్మా, ఇది మద్రాసు పట్టిన టీవీ."

బెంచీ మీద పేపరు చదువుతున్న విజయ్ పాల్ మాస్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. లూథరన్ బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పాఠం ఎప్పుడు మొదలవుతుందో ఆయనకి తెలుసు.

"డెబ్భై ఎనిమిదో తొమ్మిదో అయ్యుంటుందండి. ఈ చుట్టుపక్కల టీవీ అనే మాట తెలిసినోడు లేడు. మద్రాసులో మాత్రం సాయంత్రమైతే పెట్టెలో బొమ్మలాడతాయని విన్నాను. మద్రాసు బొమ్మ మనదాకా రాలేనంటే మనమే కాస్త ఎదురెళ్లాలి కదండి, మర్యాదకి. టీవీని నావలో పెట్టాను, లారీ బ్యాటరీ తగిలించాను, తెరచాప కొయ్య చివర యాంటెన్నా కట్టాను, దక్షిణంగా పోనిచ్చాను. ఒడ్డు కనపడని చోటికి వెళ్లేసరికి బొమ్మ పడింది. మొదట ఏం పడిందో తెలుసా? సబ్బు ప్రకటన."

ఇక్కడిదాకా మరీ అంత అబద్ధంలా లేదు. సముద్రం మీద గాలి అనుకూలిస్తే దూరం స్టేషన్లు తగలడం మామూలేనని మాస్టారు కూడా తలూపారు. చదువుకున్నాయన సాక్ష్యం పలికాక బుల్లియ్యకి ఇంక అడ్డేముంది?

సబ్బు పాట తమిళంలో ఉంది కాబట్టి తనకి ముక్క అర్థం కాలేదట. చేపలకి అర్థమైందట, అవి మద్రాసు వైపు నుంచి వచ్చే చేపలు కదా. పాట మొదలవగానే నావ చుట్టూ నీళ్లు కనపడకుండా తలలు పైకెత్తి నిలబడ్డాయి. బిస్కెట్ల ప్రకటనకి చందువా చేపలు, టార్చిలైటు ప్రకటనకి రొయ్యలు, వార్తలొస్తే మాత్రం అన్నీ మాయం. వల వెయ్యక్కర్లేదు, పౌడరు ప్రకటన వచ్చినప్పుడు బుట్ట ముంచితే చాలు. అంతరాయానికి చింతిస్తున్నామని బోర్డు పడితే, మన మనుషుల్లాగే అవీ కదలకుండా ఆ బోర్డునే చూస్తూ ఉండేవట.

"కార్టూన్లు కూడా వచ్చేవా?" అంది దీనమ్మ.

"ఆ కార్టూనే నా కొంప ముంచబోయింది. ఓ పిల్లి గాలం వేసి చేపని లాగిందండి తెర మీద. ఇంక చూడండి, సముద్రానికి కోపమొచ్చేసింది. నావంత సొరచేప వచ్చి గుద్దుతోంది. దాని నెత్తి మీద చెయ్యేసి, ఒరే, అది బొమ్మరా అని నచ్చజెప్పాను. పాపం సిగ్గుపడింది. ఆ తర్వాత రోజూ వచ్చేది. బొమ్మ మసకబారినప్పుడల్లా తోకతో నావని తిప్పి యాంటెన్నా సరిచేసేది."

దీనమ్మ నవ్వు ఆపుకోలేక పాలు పొంగబెట్టింది. పొయ్యి తగ్గిస్తూ ఓసారి గోడవార మూలకేసి చూసింది. ఆ చూపు బుల్లియ్య పట్టేశాడు. ఇంకొక్క తోపు తోస్తే చాలనిపించింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీవీ తీసుకుని నేను గోదాట్లోకి తిరిగొస్తుంటే, మిగతా ప్రోగ్రాం కోసం సముద్రంలో ఉండే ఇలస చేపలన్నీ నా వెనకాలే పడ్డాయి. వరద ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చి, గోదారి నీళ్లు తాగి పులసలయ్యాయి. ఇప్పటికీ ఏటేటా ఎందుకొస్తున్నాయనుకుంటున్నారు? దీనికోసమే. పుస్తెలమ్మి పులస తినమంటారు గానీ, ఆ పులసని తెచ్చిన టీవీని మా కోడలు తుక్కుకి వేసేస్తానంటోంది."

"అంతకుముందు గోదాట్లో పులసల్లేవా?" అన్నారు మాస్టారు.

"ఉండేవండి. ఆ రుచి ఉండేది కాదు."

మాస్టారు ఒప్పుకున్నారు. ఆ రోజులే వేరన్నారు, ఆ సబ్బు పాట ఇప్పటికీ తన చెవుల్లో ఉందన్నారు. దాంతో బుల్లియ్య ఆనందానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. ఇది చచ్చిందనుకుంటున్నారు గానీ ఇవాళ్టికీ ఒక్కోసారి దానంతటది పాడుతుందని అనేశాడు.

"అయితే పాడించండి. పాడితే ఆ మూల మీదే," అంది దీనమ్మ.

టీవీ లోపల పిక్చర్ ట్యూబు తీసేసి ఏళ్లయింది. ఆ ఖాళీ చూడలేక బుల్లియ్య షట్టర్లు తెరవడమే మానేశాడు. లుంగీ మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడు టీవీలోంచి సన్నగా వినిపించింది. కుర్ర్... కుర్ర్...

దీనమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మాస్టారు లేచి నిలబడి, కళ్లు చెమరుస్తుండగా, అదే పాట అన్నారు. తను చెప్పిందంతా నిజమేనేమోనని బుల్లియ్యకే ఒక్క క్షణం నమ్మకం కుదిరింది.

"మావా, టీవీ తెచ్చుకున్నావు సరే, నా కోడినెందుకు తెచ్చావు?"

వెనక నుంచి రొప్పుకుంటూ వచ్చిన బుల్లియ్య భార్య మరిడమ్మ లుంగీ లాగేసి షట్టర్లు తెరిచింది. ఎప్పుడో వెనక అట్ట ఊడిపోయిన టీవీలో, గడ్డి మధ్య గుడ్ల మీద కూర్చున్న పొదుగు కోడి అందరినీ కోపంగా చూసింది. మాస్టారు నెమ్మదిగా కూర్చుని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

దీనమ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మరి ఆ మద్రాసు సంగతేంటని మరిడమ్మని అడిగింది.

"ఇందులో మద్రాసెక్కడిదమ్మా? ఈ టీవీ మా చిన్నోడు బళ్లో చేరాక కొన్నాం."

బుల్లియ్య తలొంచుకుని లుంగీ మడతపెట్టసాగాడు. వీధి మొగలో పాత సామాన్ల ఆటో మైకు వినబడుతోంది. ఆయన చేతులు ఆగాయి. మరిడమ్మ ఆయన్ని చూసింది.

"మద్రాసు వెళ్లింది మాత్రం నిజం," అంది. "పెళ్లికి ముందు నావలో సరుకుతో వెళ్లి, ఏదో షాపు అద్దం బయట నిలబడి టీవీ చూసొచ్చాడు. వచ్చి మా వాకిట్లో అన్నీ చేసి చూపించాడు. సబ్బు రుద్దుకునే అమ్మాయీ తనే, పౌడరు రాసుకునే బాబూ తనే, గాలం వేసే పిల్లీ తనే. మా వాళ్లంతా పిచ్చోడన్నారు. నాకు మాత్రం లేచి వెళ్లబుద్ధి కాలేదు. నేను మొదట చూసిన టీవీ ఇతనేనమ్మా."

బుల్లియ్య మడతపెట్టిన లుంగీనే విప్పి మళ్లీ మడతపెట్టాడు. దీనమ్మ మూలనున్న బిస్కెట్ డబ్బాలు కిందికి దించి, కోడి బెదరకుండా టీవీని ఓ పక్క పట్టుకోండని మాస్టారిని పిలిచింది.