ముందు వరుసలో ఖాళీ

ఆ రోజు ఇంట్లో ఉన్నది రెండో తరగతి టీచరు, ఆవిడ దగ్గర ఉండి చదువుకుంటున్న మేనకోడలు, ఆ పిల్ల ఏడేళ్ళ తమ్ముడు. నాలుగో మనిషి దర్జీ ఆవిడ. చంకలో సైనికుల చొక్కాల మూటతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మావాడు చావడండీ."

"అదేంటమ్మా! రేపు ఇన్‌స్పెక్టరు గారి ముందు యుద్ధం పాఠం ఆడి చూపించాలి. ముందు వరుసంతా చావాలి. పుస్తకంలో అలాగే ఉంది."

"ఎండలో బోర్లా పడుకోవాలటగా? ప్రసంగాలన్నీ అయ్యేదాకా?"

"చచ్చినవాళ్ళు మధ్యలో లేస్తే ఏం బావుంటుంది?"

"మరి హెడ్మాస్టరు గారి మనవడు?"

"వాడు రాజు. రాజు గుట్ట మీద, గొడుగు కింద ఉంటాడు."

"ప్రెసిడెంటు గారి అబ్బాయో? వాడూ ముందు వరుసేగా?"

"వాడికి... గాయమవుతుంది. చేతికి."

"అదీ పుస్తకంలో ఉందా?"

"ఉండే ఉంటుంది. వాళ్ళమ్మ కూడా నిన్న ఇలాగే వచ్చింది."

"సైన్యానికి చొక్కాలు ఎవరు కుట్టారో పుస్తకంలో ఉందా టీచరమ్మా? వెళ్ళొస్తా. రేపు మీ సైన్యం బనియన్లతో దిగుతుంది."

"అయ్యో, ఆగు తల్లీ! మూట అక్కడ పెట్టు. మీవాడు... బూర ఊదుతాడు, సరేనా? బూర ఊదేవాడు చెట్టు నీడన ఉంటాడు. వాడి జోలికి ఎవరూ రారు."

"అట్లా అన్నారు, బాగుంది. ఇవిగో చొక్కాలు. వస్తానండీ."

"అత్తా."

"ఏమే?"

"బూర తమ్ముడిది కదా."

"ఇందాకటిదాకా."

"బుగ్గలు వాచేలా నేర్చుకున్నాడు."

"నేర్చుకున్నది ఎక్కడికీ పోదులే. ముందు వరుసలో ఖాళీ వచ్చింది, వాడు పడిపోతాడు."

"వాడికి ఎండ పడదు అత్తా. మొన్న ప్రార్థనలోనే కళ్ళు తిరిగి పడ్డాడుగా."

"మరీ మంచిది. నటించక్కర్లేదు."

"అత్తా!"

"ఊరికే అన్నానే. నన్నేం చెయ్యమంటావు? ఒక్కో తల్లీ వచ్చి ఒక్కొక్కణ్ణి బతికించుకుపోతుంటే, ఎవరో ఒకరు చావాలా వద్దా? వాడి తరఫున అడగడానికి మీ అమ్మ ఇక్కడ లేదు కాబట్టి..."

"నేనున్నాగా."

"ఏంటా గొణుగుడు? గట్టిగా చెప్పు."

"వాణ్ణెందుకు చంపుతావని నేనడుగుతున్నా."

"నా ఇంట్లో తింటూ నన్నే అడుగుతావా? గుమ్మంలోంచి జరుగు, ఇంకో తల్లి వచ్చేలోగా తలుపేసుకోవాలి."