బిగదీసిన నెట్

కొత్తకోట మగ్గాల వాడ వెనుక మట్టి కోర్టుల ఒక ముసలి నేతగాడు టెన్నిస్ నెట్ కడుతున్నడు. మగ్గం మీద పడుగును బిగదీసినట్టే బిగదీసి, భుజం నొప్పితోని ఆట మానుకొని ఇల్లు చేరిన బిడ్డ దిక్కు గర్వంగ చూసిండు.

"ఎట్లుంది బిడ్డా? యాడన్న వదులున్నదా?"

"లేదు బాపు. గదే తప్పు."

"తప్పేంది?"

"నెట్ అంచుల కంటె నడుమ అర అడుగు కిందికుండాలె. ఆట రూలే గది."

ఆయన చేతుల తాడు ఆగిపోయింది.

"నీ చిన్నప్పుడు గూడ గిట్లనే కట్టిన గద!"

"గిట్లనే కట్టినవ్. మొదటిసారి పట్నంల ఆడవోయినప్పుడు నాకు తెల్సింది. 'గీ నెట్ గింత కిందికున్నదేంది' అనుకున్న. ఎదుటి పిల్లల బంతులు పోయి నెట్‌కు తగులుతుండె. నాది ఒక్కటి గూడ తగల్లే."

"మరి వచ్చినంక నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు వదులు చేద్దువు."

ఆయన నవ్వబోయి ఆగిండు. గొంతు తగ్గింది.

"గంత ఎత్తుకు కొట్టి కొట్టే నీ భుజం పోయిందా, బిడ్డా?"

"ఏండ్లకేండ్లు ఆడితె ఎవల భుజమైన పోతది బాపు. గన్నేండ్లు ఆడనిచ్చింది నీ నెట్టే."

ఆయన కండువాతోని మొహం తుడుచుకున్నడు.

"సరే తియ్. రేపటి సంది నీ దగ్గర నేర్చుకునెతందుకు పిల్లలొస్తరు. రూలు ప్రకారం జర వదులు చెయ్యాల్నా?"

ఆమె నొప్పి లేని చేత్తోని తాడు కొస అందుకున్నది.

"ఇంక జర గుంజు, బాపు."